మేనల్లుడు బిట్‌కాయిన్ అంటున్నాడు, ప్రోనోటు వడ్డీ నడుస్తోంది

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నా వయసు 46. రెండెకరాల కొబ్బరితోట, లీజుకు తీసుకున్న మూడెకరాల రొయ్యల చెరువు మా ఆధారం. పుట్టింటి నుంచి నా వాటాకు వచ్చిన ఇంటిస్థలం అమ్మగా 22 లక్షలు చేతికి వచ్చాయి. బ్యాంకులో బంగారం మీద 4 లక్షల అప్పు 9 శాతం వడ్డీకి ఉంది. చెరువు కోసం ప్రోనోటు మీద రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 3 లక్షలు వేరే ఉన్నాయి. అమ్మాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. రూపాయి ఏటేటా కరిగిపోతుందనీ, పది లక్షలు ఇస్తే తన ఖాతాలో బిట్‌కాయిన్ కొని పెడతాననీ హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు అంటున్నాడు. మా ఆయనకు ఫిక్స్‌డ్ డిపాజిట్ తప్ప మరేదీ నమ్మకం లేదు. ఏది మంచిది?

సమాధానం: అమ్మా, డిపాజిట్టా బిట్‌కాయినా అని మీరు అడిగారు గానీ, మీ ఉత్తరం చదువుతున్నప్పుడు నా కళ్ళు మీరు ఒక్క మాటలో చెప్పి వదిలేసిన ప్రోనోటు దగ్గరే ఆగిపోయాయి. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షల మీద నెలకు 6,000, ఏడాదికి 72,000 రూపాయలు. బంగారం అప్పు మీద మరో 36,000 కలిపితే ఏటా 1,08,000 రూపాయలు వడ్డీకే పోతున్నాయి. ఖాయంగా 24 శాతం ఇస్తానని ఎవరైనా మీ గుమ్మంలోకి వస్తే నమ్మవద్దని చెప్పేవాణ్ణి నేను. కానీ ఆ ప్రోనోటు తీర్చిన మర్నాటి నుంచి మీకు మిగిలేది అచ్చంగా అంతే, దాని మీద పన్ను కూడా ఉండదు. కాబట్టి మీ మేనల్లుడి బిట్‌కాయిన్‌కు అసలు పోటీ మీవారి డిపాజిట్ కాదు, మీ బీరువాలో నకలు ఉన్న ఆ కాగితం.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. బిట్‌కాయిన్ అంటే కంప్యూటర్ నెట్‌వర్క్‌లో మాత్రమే ఉండే డిజిటల్ నాణెం. రూపాయి విలువ తగ్గుతుందన్న మాట నిజమే, మీ మేనల్లుడు అబద్ధం చెప్పలేదు. ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం తేడాతో నిలపాలని 2016లో ప్రభుత్వం రిజర్వ్ బ్యాంకుకు లక్ష్యం పెట్టింది. అనుకున్నట్టు 4 శాతమే ఉన్నా, దాదాపు పద్దెనిమిదేళ్ళలో రూపాయి కొనుగోలు శక్తి సగమైపోతుంది. బ్యాంకు డిపాజిట్ ఆ తరుగును పూడ్చి, పైన కొద్దిగా మాత్రమే మిగులుస్తుంది. అందువల్ల మీవారు డబ్బంతా డిపాజిట్‌లోనే ఉంచుదామంటే దానికీ నేను పూర్తిగా ఒప్పుకోను. అయితే, రూపాయి నెమ్మదిగా తరుగుతుందన్న కారణంతో ఒక్క ఏడాదిలో నాలుగింట మూడు వంతులు తరిగిపోగల దాన్ని కొనమనడం ఎలాంటి తర్కమో ఆలోచించండి.

అది జరిగిన సంగతే. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ ధర దాదాపు 69,000 డాలర్లు. సరిగ్గా ఏడాదికి, 2022 నవంబరులో, 16,000 డాలర్ల కిందికి వచ్చింది. అంతకుముందు 2017 డిసెంబరులో 20,000 డాలర్ల దరిదాపుల్లో ఉన్నది మరుసటి డిసెంబరుకు మూడు వేల పైచిలుకుకు దిగింది. ఇదే బిట్‌కాయిన్ 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాటింది కూడా. కాబట్టి పట్టుబట్టి ఉంచుకున్నవాళ్ళు లాభపడ్డారని మీ మేనల్లుడు అంటే కాదనను. నేను అడిగేదల్లా మీ ఇంట్లో ఉంచుకోగలిగేది ఎవరు అని. 2021 నవంబరులో పది లక్షలు పెట్టి, 2022 జూలైలో అమ్మాయి ఫీజు కోసం తీయవలసి వచ్చి ఉంటే, డాలర్ లెక్కన మీ చేతికి దాదాపు మూడో వంతు మాత్రమే వచ్చేది. రెండేళ్ళ తర్వాత ధర లేచిందన్న వార్త ఆ ఏడాది ఫీజు కట్టదు.

డబ్బుకూ పెట్టుబడికీ ఉన్న తేడా ఇక్కడ తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ చర్చలో రెండూ కలగాపులగం అవుతున్నాయి. డబ్బుగా పనికిరావాలంటే దానితో సరుకు కొనగలగాలి, ధర దానిలో చెప్పగలగాలి, రేపటి దాకా దాచుకోగలగాలి. అంబాజీపేట మార్కెట్లో వెయ్యి కాయల ధర ఎవరూ బిట్‌కాయిన్‌లో చెప్పరు, మేత కొట్టువాడు దాన్ని జమ కట్టుకోడు. ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశం 2021 సెప్టెంబరులో దాన్ని చట్టబద్ధమైన చెల్లింపు సాధనంగా చేసింది గానీ, 2025 జనవరిలో చట్టం సవరించి వ్యాపారులు తప్పనిసరిగా తీసుకోవాలన్న నిబంధనను తొలగించుకుంది. మన రూపాయి నోటు వెనక రిజర్వ్ బ్యాంకు చట్టం, కేంద్ర ప్రభుత్వ హామీ ఉన్నాయి. బ్యాంకులో వేసుకున్న సొమ్ముకు ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు వడ్డీతో కలిపి 5 లక్షల వరకు బీమా 2020 ఫిబ్రవరి నుంచి ఉంది. బిట్‌కాయిన్ వంటి డిజిటల్ నాణేలకు, అంటే క్రిప్టోకు, ఈ రెండింటిలో ఒక్కటీ లేదు.

మరి పెట్టుబడిగానైనా చూద్దాం. మీ కొబ్బరిచెట్టు నెలన్నరకో రెండు నెలలకో ఒక దింపు ఇస్తుంది, చెరువు పట్టుబడి ఇస్తుంది, కంపెనీ వాటా లాభంలో భాగం ఇస్తుంది, డిపాజిట్ వడ్డీ ఇస్తుంది. బిట్‌కాయిన్ తనంతట తాను ఏదీ ఇవ్వదు. మీకన్నా ఎక్కువ ధరకు కొనేవాడు రేపు వస్తేనే లాభం. ఈ మాటకు బదులుగా ఒకరు నాతో, బంగారమూ అంతే కదా, కురిడీ కాయను అటక మీద దాచేవాడూ అంతే కదా అన్నారు. కురిడీ సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. నెలల తరబడి అటక మీద ఉంచిన కాయను చెవి దగ్గర పెట్టుకొని ఊపితే, లోపల గుండు విడివడిందో లేదో చప్పుడే చెబుతుంది. ధర పడిపోయినా ఆ గుండు గుండుగానే ఉంటుంది, పూజకో వంటకో దాన్ని కొనేవాడు ఉంటాడు. బంగారం కూడా అంతే, ధర తగ్గినా మెడలో గొలుసే, బ్యాంకు దాని మీద అప్పు ఇస్తుంది. బిట్‌కాయిన్‌ను ఊపి చూడటానికి లోపల గుండు లేదు. మొత్తం 2.1 కోట్లకు మించి పుట్టవన్న కట్టడి మాత్రం నిజం. 2009 జనవరిలో మొదలైన నాటి నుంచీ ఆ లెక్క ప్రోగ్రాములోనే రాసి ఉంది, దాదాపు నాలుగేళ్ళకోసారి కొత్తగా పుట్టే నాణేలు సగానికి తగ్గుతూ వస్తున్నాయి. కానీ అరుదు కావడం ఒక్కటే విలువ కాదు. పైగా అలాంటి నాణేన్ని ఇంకో పేరుతో ఎవరైనా పుట్టించవచ్చు, వేల సంఖ్యలో పుట్టించారు కూడా.

మీ విషయంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది వేరే ఉంది. మీ సంపాదనే ఒడుదొడుకుల మీద నడుస్తోంది. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలితే పంట పోతుంది, కౌంటు (అమ్మకానికి తగిన సైజు) రాకముందే పట్టాల్సి వస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు ఆ వార్త చెరువుగట్టు దాకా ఎంత వేగంగా వచ్చిందో మీకు నేను చెప్పనక్కర లేదు. 1996 నవంబరు తుఫానుకు కోనసీమలో కూలిన కొబ్బరిచెట్ల స్థానంలో మళ్ళీ కాపు చూడటానికి ఎన్నేళ్ళు పట్టిందో మీ పెద్దలు చెప్పే ఉంటారు. బిట్‌కాయిన్ ధర కూడా అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగితే, అక్కడి పెట్టుబడిదారులు భయపడితే పడుతుంది. 2022 పతనానికి అదీ ఒక కారణం. నెలజీతం మీద బతికే మీ మేనల్లుడికి ధర పడినా ఒకటో తారీఖున జీతం వస్తుంది. మీకు రొయ్య ధర, బిట్‌కాయిన్ ధర ఒకే నెలలో పడితే తర్వాతి పంటకు సీడు (రొయ్య పిల్లలు) ఎక్కడి నుంచి తెస్తారు? సంపాదన ఊగిసలాడే ఇంట్లో దాచుకున్నదైనా నిలకడగా ఉండాలి. డెల్టాలో నా దగ్గరకు వచ్చే ప్రతి ఆక్వా రైతుకూ నేను చెప్పేది ఇదే.

అతని ఖాతాలో కొంటానన్న మాట మీద ఇంకొంచెం ఆగాలి. అలా కొంటే చట్టం దృష్టిలో అది అతని ఆస్తి, పన్ను లెక్కలు అతని పేరున. రేపు అతనికి పెళ్ళి అయి, ఇల్లు కొని, ఏదైనా ఇబ్బంది వస్తే ఆ నాణేలు మీవని చూపడానికి మీ చేతిలో వాట్సాప్ సందేశాలు తప్ప ఏమీ ఉండవు. జరగరానిది జరిగితే అవి అతని వారసులకు చెందుతాయి. సొంత పరికరంలో దాచుకుంటే, దాన్ని తెరిచే రహస్య పదాలు పోయిన రోజున తలుపు తట్టడానికి ఏ బ్రాంచి మేనేజరూ ఉండడు. ఎక్స్ఛేంజీలో, అంటే ఈ నాణేలు కొని అమ్మే ఆన్‌లైన్ సంస్థలో, ఉంచితే, 2024 జూలైలో మన దేశంలోని ఒక పెద్ద ఎక్స్ఛేంజీ నుంచి దాదాపు 2,000 కోట్ల రూపాయల విలువైన నాణేలు దొంగల పాలైన ఉదంతం ఉంది. మీ మేనల్లుడి మంచితనాన్ని నేను శంకించడం లేదు. మేనత్తకు మేలు చేయాలనే అతని కోరిక, అయినా అతను ఇవ్వలేని హామీని అతని మీద మోపకండి.

పన్ను సంగతి కూడా కొబ్బరి ఆదాయానికి ఆదాయపు పన్ను లేకుండా అలవాటైన ఇంటికి కొత్తగా ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, ఆపైన 4 శాతం సెస్సు. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసివేయనివ్వరు. ఒక నాణెం మీద లక్ష లాభం, ఇంకొకదాని మీద 80,000 నష్టం వచ్చిందనుకోండి. నిజానికి మీకు మిగిలింది 20,000. పన్ను మాత్రం లక్ష మీద 31,200. అంటే లాభం వచ్చిన ఏడాదిలో కూడా 11,200 చేతి నుంచి పడుతుంది, ఆ నష్టాన్ని తర్వాతి ఏడాదికి మోసుకుపోయే వీలూ లేదు. అమ్మిన మొత్తం మీద 1 శాతం ముందే కోత కూడా ఉంది. పన్ను వేశారు కాబట్టి ప్రభుత్వం ఒప్పుకున్నట్టే అని కొందరు చెబుతుంటారు. అది పొరపాటు. బ్యాంకులు ఈ లావాదేవీలకు తోడ్పడరాదన్న 2018 నాటి రిజర్వ్ బ్యాంకు ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 మార్చిలో కొట్టివేసిన మాట నిజం. కొనడం నేరం కాదు. కానీ షేర్లకు సెబీ ఉన్నట్టు దీనికి మదుపరి మొర వినే నియంత్రణ సంస్థ లేదు.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది నేను కళ్ళారా చూశాను. కిందటేడాది ఒక దంపతులు నా బల్ల మీద ఫోన్ పెట్టారు. తెర మీద పచ్చ అంకెల్లో 11 లక్షలు కనిపిస్తున్నాయి. వాళ్ళు పెట్టింది రెండున్నర లక్షలు, టెలిగ్రామ్ గ్రూపులో రోజుకు ఒక శాతం అన్నారట. తీసుకుందామని నొక్కితే ముందుగా 80,000 పన్ను కట్టమని సందేశం వస్తోంది. ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి కడదామా అని అడగడానికి వచ్చారు. ఆ 11 లక్షలు ఎక్కడా లేవనీ, ఆ అంకెలు ఒక బొమ్మ అనీ చెప్పడానికి నాకు గంట పట్టింది. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫిర్యాదు చేయించాను. బిట్‌కాయిన్ అనే మాట వినపడిన ప్రతి చోటా ఉన్నది బిట్‌కాయిన్ కాదని గుర్తుంచుకోండి. మీ ఊళ్ళో అలాంటి గ్రూపు ఏదైనా నడుస్తుంటే దాని దరికి వెళ్ళకండి.

మీ 22 లక్షలను నేనైతే ఇలా సర్దుతాను. ముందు ప్రోనోటు 3 లక్షలు, ఆ వెంటనే బంగారం మీది 4 లక్షలు తీరాలి. మిగిలిన 15 లక్షల్లో అమ్మాయి మిగతా చదువుకు 3 లక్షలు, ఫీజు కట్టే నెలకు ముందే గడువు తీరేలా డిపాజిట్లు వేయండి. ఒక పంట పూర్తిగా పోయినా మళ్ళీ సీడు, మేత కొనగలిగేలా 4 లక్షలు ఎప్పుడైనా తీసుకోగల చోట ఉంచండి. చెరువు ఉన్న ఇంటికి ఇది తప్పదు, ఇది లేకపోవడం వల్లే మీరు రెండు రూపాయల వడ్డీకి వెళ్ళవలసి వచ్చింది. మిగిలే 8 లక్షలు పదేళ్ళ పైచిలుకు డబ్బు. అందులో సగం పీపీఎఫ్ అనే ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు పథకంలో ఏడాదికి లక్షన్నర మించకుండా వేయండి. 2020 నుంచి దాని వడ్డీ 7.1 శాతంగా ఉంది, పన్ను లేదు. మిగతా సగం, దేశంలోని యాభై పెద్ద కంపెనీల వాటాలు కొనే నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో ఒకేసారి కాకుండా నెలకు కొంతగా రెండేళ్ళ పాటు వేయండి. రూపాయి కరుగుతుందన్న మీ మేనల్లుడి బెంగకు నా జవాబు ఈ భాగమే. ఇందులోనూ ధరలు పడతాయి, కానీ దాని వెనక సరుకు తయారుచేసి అమ్మే కంపెనీలు ఉన్నాయి.

బిట్‌కాయిన్‌కు ఈ రోజున నేను చెప్పే అంకె సున్నా. అప్పులు తీరి, ఒక పంట చేతికొచ్చి, పైన చెప్పిన 4 లక్షలు కదలకుండా ఉన్న తర్వాత కూడా మీకు మనసు పీకుతుంటే, మీ పేరున, మీ పాన్ కార్డుతో, మన దేశంలో నమోదైన ఎక్స్ఛేంజీలో 20,000 రూపాయలకు మించకుండా కొనుక్కోండి. ఆ 20,000 పూర్తిగా పోయినా మీ ఇంట్లో ఏ పనీ ఆగదు కాబట్టి ఆ అంకె చెబుతున్నాను.

ప్రోనోటు తీర్చే రోజున మాత్రం మీవారితో పాటు మీరూ వెళ్ళండి. సొమ్ము చేతికిచ్చే ముందే అసలు కాగితం బల్ల మీదికి తెప్పించండి. వీలైతే బ్యాంకు ద్వారానే చెల్లించండి. నోటు వెనక అసలూ వడ్డీ పూర్తిగా ముట్టినట్టు తేదీతో చెల్లు రాయించి, సంతకం పెట్టించుకొని, ఆ కాగితాన్ని అక్కడ వదలకుండా ఇంటికి తెచ్చుకోండి.