పాత మెయిల్‌ను ప్రస్తావించడానికి ఇంగ్లిష్‌లో ఏది రాయాలి?

ఇంతకుముందు నడిచిన ఉత్తరాన్నో మెయిల్‌నో ప్రస్తావించేటప్పుడు ‘విత్ రిఫరెన్స్ టు’, ‘ఫర్దర్ టు’, ‘యాజ్ పర్’ ఈ మూడింట్లో ఏది సరైనదని అడిగారు. మూడూ సరైనవే, కానీ ఒకటి రాయాల్సిన చోట ఇంకొకటి కుదరదు. ఆఫీసులో ఉత్తర ప్రత్యుత్తరాలు చూసే సీటులో చాలాకాలం ఉన్నాను కాబట్టి నేను ఎలా రాస్తానో చెప్తాను.

అవతలివాళ్లు రాసినదానికి జవాబిస్తుంటే ‘విత్ రిఫరెన్స్ టు యువర్ లెటర్ ఆఫ్ 5 మార్చ్’. మరీ అఫీషియల్ కాని మెయిల్ అయితే ‘థాంక్యూ ఫర్ యువర్ మెయిల్’ అన్నా చాలు. ముందు రాసినదానికో, ఫోన్లో మాట్లాడుకున్నదానికో కొత్త సంగతి జోడిస్తుంటే ‘ఫర్దర్ టు’. ఇది ప్రధానంగా బ్రిటిష్ వాడుక, అమెరికా వాళ్లకైతే నేను ‘ఫాలోయింగ్ అప్ ఆన్’ అని రాస్తాను. ‘యాజ్ పర్’ అంటే ఫలానాదాని ప్రకారం అని. ‘యాజ్ పర్ ద కాంట్రాక్ట్’ బాగానే ఉంటుంది. మీ మెయిల్ అందిందని చెప్పడానికి మాత్రం అది పనికిరాదు.

ఎక్కువమంది తడబడేది ఫుల్‌స్టాప్ దగ్గర. ‘విత్ రిఫరెన్స్ టు యువర్ లెటర్ ఆఫ్ 5 మార్చ్’ అని రాసి అక్కడే ఫుల్‌స్టాప్ పెట్టేస్తారు. క్రియ లేదు కాబట్టి అది వాక్యం కాదు. కామా పెట్టి అదే వాక్యంలో విషయం చెప్పాలి. లేదా ‘ఐ రిఫర్ టు యువర్ లెటర్ ఆఫ్ 5 మార్చ్’ అంటే అక్కడ వాక్యం ముగించుకోవచ్చు. నా దగ్గరికొచ్చే డ్రాఫ్టుల్లో నేను ఎక్కువగా దిద్దేది ఇదే. ఆ తర్వాతిది ‘విత్ రిగార్డ్స్ టు’. అందులో ‘స్’ ఉండకూడదు, ‘విత్ రిగార్డ్ టు’ అనాలి. ‘యాజ్ రిగార్డ్స్’లో మాత్రం ఉండాలి. ఇంగ్లిష్ కదా, అడక్కండి.

జవాబు రాక గుర్తు చేయాల్సి వచ్చినప్పుడు కొంచెం జాగ్రత్త. ‘యాజ్ పర్ మై లాస్ట్ మెయిల్’లో వ్యాకరణం తప్పేమీ లేదు, కానీ చాలామందికి అది ‘చెప్పాను కదా, చదవలేదా?’ అన్నట్టు వినిపిస్తుంది. గొడవ పెట్టుకోవాలని ఉంటే తప్ప వాడొద్దు. నేనైతే ‘ఐ రోట్ టు యూ ఆన్ 5 మార్చ్ అబౌట్ ద ఇన్‌వాయిస్’ అని మొదలుపెట్టి, కావాల్సిందేమిటో మళ్లీ పూర్తిగా అడుగుతాను. పాత మెయిల్ వెతుక్కునే పని వాళ్లకి తప్పుతుంది. ఆ మెయిల్ కిందనే ఉంటే ‘ద మెయిల్ బిలో’ అనండి, ‘బిలో మెయిల్’ కొందరికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

తేదీలో నెల పేరు అక్షరాల్లోనే రాయండి. 05/03 అంటే బ్రిటన్‌లో మార్చి 5, అమెరికాలో మే 3. పాత లెటర్ రైటింగ్ పుస్తకాల్లో ఈ నెలకి ‘ఇన్‌స్టంట్’, పోయిన నెలకి ‘అల్టిమో’ అని కనిపిస్తాయి. వాటి జోలికి పోవద్దు, ఇప్పుడు చదివేవాళ్లలో చాలామందికి అర్థం కావు.