అల్లుడికి, ఫోన్ ముట్టుకునే ముందు

ఒరేయ్ అల్లుడూ,

పాత ఐఫోన్ 7 జైల్‌బ్రేక్ చేసి, అంటే ఆపిల్ వేసిన తాళాలు ఊడగొట్టి, నువ్వు రాసిన ఆప్ అందులో ఎక్కిస్తావట. "వీడేదో దొంగపని మొదలెట్టాడ్రా తమ్ముడూ" అని మీ అమ్మ ఒకటే కంగారు. దొంగపని కాదులే అక్కా అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక ఆ కంగారు నాకూ అంటుకుంది. నీ వయసులో సొంతంగా ఆప్ రాయడమంటే మాటలా, అది వేరే సంగతి.

ఒక్క ఆప్ కోసమే అయితే మామూలు ఆపిల్ ఐడీతో ఆప్‌లు రాసే ఎక్స్‌కోడ్‌లోంచే ఎక్కించొచ్చు, 7 రోజులకోసారి మళ్ళీ ఎక్కించాలి అంతే. నువ్వు వినవులే, మీ తాత పోలిక.

బ్యాకప్ తీసుకో. ఫోన్‌పే, బ్యాంకు ఆప్‌లు తీసెయ్. ఆపిల్ ఒప్పుకునే డిజిటల్ సంతకం లేని ఆప్ ఎక్కాలంటే ఆప్‌సింక్ యూనిఫైడ్ అనే ట్వీక్ (జైల్‌బ్రేక్ చేసిన ఫోన్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) కావాలి. అది, రాసినవాళ్ళ రెపోలోంచే, అంటే వాళ్ళు ట్వీకులు పెట్టే సర్వర్‌లోంచే దించుకో. 2015లో కీరైడర్ అనే దొంగ ప్రోగ్రాం చైనా రెపోల్లోని ట్వీకుల్లో దాక్కుని 2.25 లక్షల ఆపిల్ అకౌంట్లు ఊడ్చుకుపోయింది.

నా భయమంతా పాస్‌వర్డ్ గురించి. వేరే కంప్యూటర్‌లోంచి ఫోన్‌లోకి రానిచ్చే ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ పెట్టావనుకో, ఫోన్ మీద సర్వాధికారాలున్న 'రూట్' యూజర్ పాస్‌వర్డ్ 'ఆల్పైన్' అని ఊరందరికీ తెలుసు. 2009 నవంబరులో ఆస్ట్రేలియా కుర్రాడొకడు ఐకీ అనే వర్మ్ (ఫోన్ నుంచి ఫోన్‌కి తనంతట తానే పాకే ప్రోగ్రాం) వదిలాడు. పాస్‌వర్డ్ మార్చని ఫోన్లలో దూరి, వాల్‌పేపర్ తీసేసి పాప్ గాయకుడు రిక్ ఆస్ట్లీ బొమ్మ పెట్టేది. జనం నవ్వుకున్నారు. ఆ నెల తిరక్కుండానే నెదర్లాండ్స్‌లో బ్యాంకు ఖాతాల కోసం ఇంకోటి దిగింది. దూరింది ఆ సందులోంచే. అప్పట్లో జగదీశ్ మార్కెట్‌లో నా కౌంటర్ దగ్గరికి కుర్రాళ్ళు అమెరికా అన్నయ్యలు పంపిన ఫోన్లు, ఇక్కడి సిమ్ పడేలా చెయ్యమని పట్టుకొచ్చేవాళ్ళు. పాస్‌వర్డ్ మార్చుకోండ్రా అంటే, "అదంతా ఎందుకన్నా, సిమ్ పడిందా లేదా?" అనేవాళ్ళు. ఆ మాట నీ నోట వింటే మాత్రం ఊరుకోను.

టెర్మినల్ (ఆదేశాలు కొట్టే తెర) తెరిచి పాస్‌వర్డ్ మార్చు. కొట్టేటప్పుడు తెర మీద చుక్క కూడా పడదు, కీబోర్డు పోయిందనుకోకు. రూట్‌కి అయ్యాక 'మొబైల్' అనే యూజర్‌కి కూడా మార్చు, దానికీ ఆల్పైనే ఉంటుంది. చాలామంది అక్కడే వదిలేస్తారు.

జైల్‌బ్రేక్‌కి ముందు ఫోన్‌ని పెట్టాల్సిన డీఎఫ్‌యూ మోడ్ సీ టైప్ కేబుల్‌తో మొరాయిస్తుంది. వెడల్పు మూతి పాత కేబుల్ నా దగ్గరుంది, ఆదివారం తెస్తాను. అప్పటిదాకా ఫోన్ జోలికి పోకు. మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే.

మీ మామయ్య