పాట ఖాయమైతే ఇల్లు మీదైనట్టేనా?

ప్రశ్న: మాది కర్నూలు. కల్లూరు వైపు ఒక ఇంటిని బ్యాంకు ఆన్‌లైన్‌ వేలంలో 38 లక్షలకు పాడాను. మరుసటి రోజే 9.5 లక్షలు కట్టాను. పాట ఖరారైందని నాలుగు రోజుల కిందట బ్యాంకు లెటర్‌ ఇచ్చింది. పాత ఓనరు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడు. ‘అప్పంతా కట్టేస్తా, ఇల్లు నీకెట్లా వస్తుందో చూస్తా’ అంటున్నాడు. నా హోమ్‌ లోన్‌ ఇంకా శాంక్షన్‌ కాలేదు. ఇప్పుడు ఆ ఇల్లు ఎవరిది? మిగతా డబ్బు వడ్డీకి తెచ్చి కట్టేయనా? అమ్మ గృహప్రవేశానికి ముహూర్తం చూడమంటోంది.

జవాబు: ఈ రోజుకైతే ఆ ఇల్లు మీది కాదు. కట్టిన 9.5 లక్షలు మాత్రం చిక్కులో ఉన్నాయి. ముందు ఆ డబ్బు సంగతి చూసుకోవాలి.

మార్కెట్‌ యార్డులో ఎర్రగడ్డల కుప్ప మీద పాట ఆగిందంటే బేరం తెగినట్టే. 1930 నాటి సరుకుల అమ్మకాల చట్టం 64వ సెక్షన్‌ కూడా అదే చెబుతుంది. సుత్తి దెబ్బ పడగానే అమ్మకం పూర్తి, అంతవరకు పాడినవాళ్లు వెనక్కి తగ్గొచ్చు. ఇళ్లు, స్థలాల దగ్గర ఈ లెక్క నడవదు. చాలామంది తడబడేది ఇక్కడే.

బ్యాంకు తాకట్టు ఇళ్లను అమ్మేది సర్ఫేసీ చట్టం కింద, అంటే కోర్టుకు వెళ్లకుండానే బాకీ వసూలు చేసుకునే చట్టం. 2002 నాటి నిబంధనల్లో 9వది మీకు ముఖ్యం. పాట ఖాయమైన రోజున గానీ, మరుసటి పని దినానికల్లా గానీ ధరావత్తుతో (పాటకు ముందు కట్టే డిపాజిట్‌తో) కలిపి 25 శాతం కట్టాలి. అది మీరు కట్టేశారు. మిగిలిన 75 శాతం, అంటే 28.5 లక్షలు, పాట ఖరారైన నాటి నుంచి 15 రోజుల్లో కట్టాలి. అదంతా చెల్లాక బ్యాంకు అధీకృత అధికారి సేల్‌ సర్టిఫికెట్‌ ఇస్తాడు. ఆ కాగితం చేతికొచ్చేదాకా మిమ్మల్ని ఓనరుగా లెక్కపెట్టుకోవద్దు. గడువు తప్పితే 9.5 లక్షలు జప్తవుతాయి. మొత్తం 25 శాతాన్నీ జప్తు చేసుకోవచ్చని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. లోన్‌ ఆలస్యమైందంటే వదిలేస్తారని నమ్ముకోవద్దు.

మీ లెక్కలో ఇంకా 11 రోజులున్నాయి. రేపే బ్యాంకుకెళ్లి గడువు పొడిగించమని లెటర్‌ ఇవ్వండి. ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే మూడు నెలల దాకా పొడిగించొచ్చు. ‘చూద్దాం సార్‌’ అనే నోటి మాట పనికిరాదు, సంతకం, సీలు ఉన్న కాగితం కావాలి. హోమ్‌ లోన్‌ కూడా వేలం వేసిన బ్యాంకులోనే అడిగి చూడండి. ఇంటి పత్రాలు వాళ్ల దగ్గరే ఉంటాయి కాబట్టి పరిశీలన త్వరగా అవుతుంది.

వడ్డీకి తేవడం నాకు నచ్చలేదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే 28.5 లక్షలకు నెలకు 57 వేలు. తాళం చేతికి రావడానికి ఐదు నెలలు పట్టిందనుకోండి, 2.85 లక్షలు వడ్డీకే పోతాయి. రిజిస్ట్రేషన్‌కు పక్కన పెట్టుకోవాల్సింది కూడా సరిగ్గా అంతే, ఏపీలో సేల్‌ డీడ్‌ లెక్కన సుమారు 7.5 శాతం. వడ్డీ అప్పు కన్నా బంగారం బ్యాంకులో కుదవ పెట్టడం నయం. చిట్టీ ఏదైనా నడుస్తుంటే ఆ పాట కూడా ఇప్పుడే పాడండి.

పాత ఓనరు బెదిరింపులో బలం తక్కువ. సర్ఫేసీ చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత, వేలం నోటీసు ప్రచురణకు ముందే అప్పంతా కట్టి ఆస్తిని విడిపించుకోవాలి. 2023లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అయితే నోటీసులు సరిగ్గా ఇవ్వలేదని ఆయన రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లగలడు. దానికి గడువు 45 రోజులు. అక్కడ వేలం రద్దయితే మీ డబ్బు తిరిగొస్తుంది గానీ, వడ్డీతో సహా వస్తుందని లెక్కలు వేసుకోవద్దు. కేసేమైనా ఉందా, స్టే ఉందా అని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి.

కోర్టు డిక్రీ (బాకీ కట్టమనే తీర్పు) అమలులో జరిగే వేలం వేరు. అక్కడ 60 రోజుల్లోపు బాకీదారు బాకీతో పాటు పాట ధరలో 5 శాతం అదనంగా కట్టి అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. అది దాటి అమ్మకం ఖరారైతే హక్కు వేలం రోజు నుంచే వచ్చినట్టు లెక్క. ఎవరైనా ‘పాడిన రోజు నుంచే మీది’ అంటే వాళ్లు ఈ కోర్టు వేలం గురించి విన్నారన్నమాట.

సేల్‌ సర్టిఫికెట్‌కు రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి కాదు. దాని కాపీ సబ్‌ రిజిస్ట్రారుకు వెళితే ఒకటో పుస్తకంలో (స్థిరాస్తి పత్రాల రిజిస్టరులో) చేర్చుకుంటారు. అంతవరకైతే స్టాంపు డ్యూటీ అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. లోన్‌కో, అమ్మకానికో ఆ కాగితం వాడాలంటే డ్యూటీ తప్పదు. అందుకే ఆ 2.85 లక్షల్ని కదిలించొద్దు.

స్వాధీనం ఇంకో కథ. గోడ మీద నోటీసు అతికించి బ్యాంకు తీసుకునేది కాగితం మీది స్వాధీనమే. లోపల వాళ్లు కుక్కర్‌ విజిల్‌ వేసుకుంటూనే ఉంటారు. ఖాళీ చేయించాలంటే బ్యాంకు సర్ఫేసీ చట్టం 14వ సెక్షన్‌ కింద కలెక్టరుకు దరఖాస్తు చేయాలి. మీరు వెళ్లి సామాన్లు బయట పడేయొద్దు, కరెంటు కట్‌ చేయించొద్దు. పాత కరెంటు బిల్లు, ఇంటి పన్ను బాకీలు ఎంతున్నాయో కూడా ఇప్పుడే కనుక్కోండి. ‘ఎలా ఉందో అలాగే’ అనే షరతు మీద పాడారు కాబట్టి అవి మీ మీద పడే అవకాశం ఎక్కువ.

అనంతపురంలో ఒకాయన సేల్‌ సర్టిఫికెట్‌ రాకముందే ఆ ఇంటి కోసం మార్బుల్‌ కొని దించుకున్నాడు. ఎనిమిది నెలలు ఆ రాళ్లు వాళ్ల బావమరిది షెడ్డులోనే పడున్నాయి.

అమ్మగారికి చెప్పండి, ముహూర్తం తాళాలు అందాకే. అప్పటిదాకా ఆ ఇంటి మీద రూపాయి ఖర్చు పెట్టొద్దు, అద్దెకిస్తానని ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోవద్దు.