తప్పు నీదే అంటే నష్టపరిహారం రాదా?

రేకులు నొక్కే పవర్ ప్రెస్సులో చెయ్యి నలిగింది, అజాగ్రత్త నీదేనని ఓనర్ చేతులు దులుపుకుంటున్నాడు, కేసు వేస్తే నిలుస్తుందా అని అడిగారు. నిలుస్తుంది. పనిలో దెబ్బ తగిలితే యజమాని డబ్బు కట్టాలనే 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంలో కార్మికుడి అజాగ్రత్త అడ్డంకి కాదు. తాగి పనిచేస్తేనో, కావాలని నియమం ధిక్కరిస్తేనో, చెయ్యి లోపలికి పోకుండా మిషన్‌కి పెట్టే గార్డును కావాలని పీకేస్తేనో యజమాని తప్పించుకోగలడు. మనిషి చనిపోయినా, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితికి వచ్చినా ఆ సాకులు కూడా చెల్లవు.

మా తమ్ముడు జీడిమెట్లలో ఒక చిన్న షెడ్డులో పవర్ ప్రెస్ మీద పనిచేసేవాడు. గార్డు ఉంటే పీసులు తక్కువ పడుతున్నాయని సేటే దాన్ని ఊడదీయించి మూలన పడేశాడు. ఒక నైట్ షిఫ్టులో వాడి కుడిచెయ్యి డై (నొక్కే అచ్చు) కింద పడి రెండు వేళ్లు పోయాయి. మత్తు పూర్తిగా దిగకముందే సూపర్‌వైజరు ఆసుపత్రికి వచ్చాడు. ఒక చేతిలో 40 వేల కవరు, ఇంకో చేతిలో స్టాంపు కాగితం. 'నా పొరపాటు వల్లే జరిగింది, ఇకపై ఏమీ అడగను' అని ముందే టైపు చేయించుకొచ్చాడు. కుడిచేతికి కట్టుంది, సంతకం కుదరదు. అందుకని ఎడమ బొటనవేలు పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద నొక్కబోయాడు. మా అమ్మ మధ్యలోకి వచ్చి నిలబడింది. "పిల్లగాడు లేచి చదువుకుంటాడు, అప్పటిదాంక నీ కాగితం నీ దగ్గరే ఉంచుకో" అంది.

స్టాంపు కాగితాలు సొరుగులో సిద్ధంగా పెట్టుకునే సేట్లకు చట్టం మనకంటే బాగా తెలుసు. నిజానికి హక్కు వదులుకున్నట్టు రాయించుకున్నా అది చెల్లదని 1923 నాటి చట్టంలో 17వ సెక్షనే చెప్పింది. మాకు ఎక్కువ అడ్డుపడింది మా చుట్టాల్లోని పెద్దమనుషులు. 'ఇచ్చింది తీసుకోండి, రేపు మళ్లీ పని కావాలిగా' అన్నారు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే.

లెక్క చూడండి. తమ్ముడి జీతం 16 వేలు. లెక్కలోకి తీసుకునేది 15 వేలే, 2020 జనవరి నుంచి పరిమితి అంత. అందులో 60 శాతం 9,000. దాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి, 30 ఏళ్లకు అది 207.98. ఒక చేతికి రెండు వేళ్లు పోతే సంపాదించే శక్తి 20 శాతం పోయినట్టు లెక్క, కాబట్టి వచ్చినదాంట్లో 20 శాతం. మొత్తం 3,74,364 రూపాయలు. వైద్యం ఖర్చు దీనికి అదనం. నెల దాటినా కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే అసలులో సగం దాకా జరిమానా. 40 వేలు ఎక్కడ, ఇది ఎక్కడ!

జీతం చేతికిచ్చేవాళ్లు, పేస్లిప్ లేదు. ఇది మన షెడ్లన్నిటికీ పట్టిన రోగం. సూపర్‌వైజరు వాట్సాప్‌లో పెట్టిన షిఫ్టు మెసేజ్‌లు, ఆసుపత్రి ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) కాగితమే మమ్మల్ని నిలబెట్టాయి. మీరూ ఆ మెసేజ్‌లు చెరపకండి. కాంట్రాక్టరు కింద ఉన్నా అసలు కంపెనీని అడగొచ్చు.

2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. ప్రమాదం ఎప్పుడు జరిగిందో, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కార్డు ఉందో లేదో రాయండి. కార్డు ఉంటే యజమాని మీద ఈ కేసు వేయలేరు, ఈఎస్‌ఐ నుంచే నెలనెలా డబ్బు రావాలి.