పక్కపాత్రల కథను బొమ్మల్లో చెప్పబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకు మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ బృందం తీసిన ఇరవై నిమిషాల యానిమేషన్ చిత్రానికి తోడుగా, అందులో ఒకటి రెండు నిమిషాలు కనిపించి తప్పుకున్న మనుషుల కథలతో ఒక కామిక్ పుస్తకం గీయాలనుకుంటున్నావనీ, ఎవరి కథతో మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోతున్నావనీ రాశావు. నలభై ఏళ్లు వారపత్రికల సీరియళ్లకు బొమ్మలు వేసినవాణ్ని కనుక నాకు తోచింది చెబుతాను. అయితే నా అనుభవం కంటే నీకు ఎక్కువ ఉపయోగపడే నమూనా ఒకటి జపాన్‌లో ఉంది. దాన్ని పక్కన పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మకోతో షింకాయ్ తీసిన ‘కిమి నో నా వా’ నువ్వు ఎన్నిసార్లు చూశావో నాకు తెలుసు. టోక్యో కుర్రవాడు తాకీ, పల్లెటూరి అమ్మాయి మిత్సుహా ఒకరి శరీరంలోకి ఒకరు మారుతూ ఉండే యానిమేషన్ కథ అది. ఆ సినిమా 2016 ఆగస్టు 26న జపాన్‌లో విడుదలైంది. అంతకు కొద్ది వారాల ముందే అరాతా కానో అనే రచయిత ‘అనదర్ సైడ్: ఎర్త్‌బౌండ్’ పేరుతో ఒక తోడు నవల రాశాడు. దాన్నే తర్వాత జున్యా నకమురా రెండు సంపుటాల మాంగాగా, అంటే జపాన్ కామిక్‌గా, గీశాడు. ఇంగ్లీషులోనూ దొరుకుతుంది, కుడి నుంచి ఎడమకు చదవాలని నీకు చెప్పనక్కరలేదు. అందులో నాలుగు కథలున్నాయి: మిత్సుహా శరీరంలో ఉన్న తాకీది ఒకటి, స్నేహితుడు తెస్సీది ఒకటి, చెల్లెలు యొత్సుహాది ఒకటి, తండ్రి తోషికిది ఒకటి.

చిన్న పాత్ర కనుక పెద్ద కథ ఇవ్వాలని జాలిపడి ఎవరినీ ఎంచుకోకు. మూలకథలో ఎవరు కారణం చెప్పకుండా ఒక పెద్ద పని చేశారో వెతుకు. సినిమాలో తెస్సీ సంగతే చూడు. తాను బహుశా ఈ ఊళ్లోనే మామూలుగా బతికేస్తానని చెప్పుకున్న కుర్రవాడు, తోకచుక్క ముక్క ఊరిమీద పడబోతోందని స్నేహితురాలు చెప్పగానే, తండ్రి నిర్మాణ సంస్థలోని పేలుడు పదార్థాలు తెచ్చి విద్యుత్ సబ్‌స్టేషన్‌ను పేల్చేస్తాడు. అంత తేలికగా ఎలా నమ్మాడు? వింతల పత్రికలు చదివే పిచ్చి ఉన్నవాడు కనుక నమ్మాడని సినిమా నవ్వించి సాగిపోతుంది. దానికి అంతకంటే తీరిక లేదు. నూట ఏడు నిమిషాల్లో రెండు జీవితాలను, మూడేళ్ల ఎడాన్ని ముడివేయాలి. తోడు కథ సరిగ్గా అక్కడ కూర్చుంటుంది. ఊళ్లో రాజకీయాన్ని, గుత్త పనులను తండ్రి ఇంట్లో మందు పార్టీల పక్కగదిలోంచి విని పెరిగినవాడికి ఆ ఊరిమీద ఉన్న ప్రేమా రోతా రెండూ ఒకే ముద్దగా కలిసిపోయి ఉంటాయి. కూల్చి కట్టడం అనే అర్థం వచ్చే పేరునే ఆ కథకు పెట్టారు. అది చదివాక సినిమాలో పేలుడు దృశ్యం మళ్లీ చూడు. ఒక్క ఫ్రేమూ మారకపోయినా ఆ కుర్రవాడి ముఖం వేరుగా కనిపిస్తుంది.

మీ సినిమాలో అలాంటి మనిషి నాకు లాకుల దగ్గరి లస్కరు, కాలువ నీళ్లు చూసుకునే ఆ ఉద్యోగి. చిత్రమంతా మీ కథలోని అమ్మాయి ఎంత బతిమాలినా తూము షట్టరు ముట్టని మనిషి, చివరి రాత్రి ఒక్క మాటా లేకుండా వెళ్లి ఎత్తుతాడు. మీకు వ్యవధి లేక వదిలేశారో, కావాలనే వదిలేశారో తెలియదు కానీ, మీ పుస్తకానికి తలుపు అదే. బడ్డీకొట్టు ముసలమ్మ ముచ్చటైన పాత్రే కానీ, ఆమె గురించి చూసేవాడికి అనుమానమేమీ మిగలలేదు కనుక ఆమెతో మొదలుపెట్టవద్దు.

ఇది జపాన్‌వాళ్లు కనిపెట్టిన విద్య అనుకోకు. పద్నాలుగేళ్లు అయోధ్యలో ఊర్మిళ ఏం చేసిందని మన ఆడవాళ్లకు అనుమానం వచ్చింది. నిద్రపోయిందని పాట కట్టారు. పట్టాభిషేకమయ్యాక లక్ష్మణుడు గదిలోకి వస్తే ఆమె భర్తను గుర్తుపట్టక, పరాయి స్త్రీని ఆశించినవాళ్లు ఏమయ్యారో చెప్పి బెదిరిస్తుంది. రామకథలో ఒక్క సంఘటనా మార్చకుండా లక్ష్మణుణ్ని మనం చూసే చూపు మార్చారు. నీ హద్దు కూడా అదే. మూలచిత్రంలో జరిగినదాన్ని కాదనే హక్కు నీకు లేదు.

ఈ విషయంలో నేను ఒకసారి దెబ్బతిన్నాను. ఒక సీరియల్లో అన్నగారి పాత్రకు ఎనిమిది వారాలు బొమ్మ వేసి, అతని చిన్ననాటి కథ వచ్చిన ప్రత్యేక సంచికలో కుడిచేతి వాటం వాడిని ఎడమచేత్తో రాస్తున్నట్టు వేశాను. అచ్చయ్యేదాకా నేను చూసుకోలేదు, పాఠకులు చూశారు. కట్టలకొద్దీ ఉత్తరాలు వచ్చాయి. అప్పటినుంచి ప్రతి పాత్రకూ ఒక కాగితం పెట్టుకునేవాణ్ని: ఎత్తు, చేతివాటం, నడక, ఎవరిని ఏమని పిలుస్తాడు, ఏ సంగతి ఏ రోజుకు తెలిసింది.

ఆ చివరిది అన్నిటికంటే ముఖ్యం. మన పాఠకుడికి తెలిసినదంతా పాత్రకు తెలియదు. మిత్సుహా లోపల టోక్యో కుర్రవాడున్నాడని తెస్సీకి తెలియదు. ఈ పూట ఈ అమ్మాయి కాళ్లు బారచాపి కూర్చుందని మాత్రమే తెలుసు. యొత్సుహాకు తెలిసింది ఇంకా తక్కువ. ప్రాథమిక పాఠశాల పిల్ల. పొద్దున్నే అక్క తన ఒంటిని తానే వింతగా తడుముకుంటుంటే తలుపు మూసి పోతుంది. గుడి ఆచారం ప్రకారం బియ్యం నమిలి పులియబెట్టే మద్యాన్ని అమ్ముకుంటే టోక్యో ఖర్చులు వస్తాయని అక్కకు సలహా ఇచ్చిన గడుసుపిల్ల కూడా అదే. అలాంటి పిల్ల కళ్లతో చూస్తే అదే ఇల్లు వేరే ఇల్లవుతుంది. అందుకే సినిమాలోని ఫ్రేమును చూసి దింపవద్దు. చూసేవాడి కంటి ఎత్తు మార్చు. లస్కరు గట్టుమీద నిలబడతాడు, అమ్మాయి నీళ్ల పక్కన ఉంటుంది. అతనికి ఆమె పాపిడే కనిపిస్తుంది కానీ ముఖం కనిపించదు.

నాలుగు కథల్లో మొదటిది నాకు అంతగా రుచించలేదు. బట్టలు వేసుకోవడంలో తాకీ పడే తిప్పల హాస్యం మూలచిత్రంలోనే సరిపడా ఉంది. తెలిసిన నవ్వునే మళ్లీ నవ్వమంటే ఎవరికైనా కష్టమే.

తండ్రి కథ దగ్గర మాత్రం పెన్సిలు పక్కన పెట్టి రెండుసార్లు చదువు. సినిమాలో ఆయన కఠినుడైన మేయరు. కూతురి శరీరంలో తాకీ వచ్చి ఊరు ఖాళీ చేయించమంటే పిచ్చి అనుకుంటాడు. టై పట్టుకోగానే ‘నువ్వెవరు’ అని అడుగుతాడు. తర్వాత నిజమైన మిత్సుహా బురదకొట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడుతుంది, అక్కడ దృశ్యం తెగిపోతుంది. ఏళ్లు గడిచాక, మేయరు ఆజ్ఞతో ఆ సాయంత్రం ఊరంతా తరలిందని మాత్రం వార్తల్లో తెలుస్తుంది. ఆయన ఎందుకు మెత్తబడ్డాడు? తోడు కథ వెనక్కి వెళ్లి, ఈయన ఒకప్పుడు మిత్సుహా తల్లి వంశంవారి మియమిజు గుడి ఆచారాలను పరిశోధించడానికి ఆ ఊరొచ్చిన జానపద విజ్ఞాన పండితుడనీ, ఆ ఇంటి ఆడపడుచు ఫుతబాను పెళ్లాడి ఇల్లరికం వచ్చాడనీ, ఆమె జబ్బుపడి చనిపోయాక గుడినీ అత్తగారినీ వదిలి రాజకీయంలోకి పోయాడనీ తీరికగా చెబుతుంది. ఆ వంశపు ఆడవాళ్లలోని వింత సంగతి పుస్తకాల వల్ల తెలిసినవాడు, తన భార్యలో చూసినవాడు, ‘నువ్వెవరు’ అని అడగడంలో ఉన్న భయం అప్పుడు అర్థమవుతుంది. ఇంత చెప్పినా సినిమాలోని తలుపు దగ్గరి నిశ్శబ్దం చెడదు.

గీసేటప్పుడు ఒక జాగ్రత్త. నవలలో పేజీలకొద్దీ మనసులో మాట రాయవచ్చు. బొమ్మలో దాన్నంతా బుడగల్లో పోస్తే పేజీ ఉక్కిరిబిక్కిరవుతుంది. తోషికి దుఃఖం చెప్పాలంటే రెండు వాక్యాలు చాలు, మిగిలింది ఖాళీ గది చెప్పాలి. పైగా షింకాయ్ సినిమాలో సగం మాటలు ఆకాశపు రంగులే చెబుతాయి. మాంగా నలుపు తెలుపుల్లో ఉంటుంది కనుక ఆ ఆధారం పోతుంది. నీ కాలువ పచ్చదనమూ పోతుంది. దాని బదులు చేతులు, పనిముట్లు, తుప్పుపట్టిన షట్టరు చక్రం వంటివాటిని దగ్గరగా చూపించు. లస్కరు చేతులు ఎలా ఉంటాయో ఊహించి వేయకు. లాకుల దగ్గరకు వెళ్లి ఒక పూట కూర్చుని చూసి రా.

జపాన్‌లో మాంగా గీసేవాళ్లు పేజీలను ముందు చిత్తుగా, గళ్లు, ముఖాల గుర్తులు, మాటలు మాత్రమే ఉండేలా వేసుకుని దాన్ని ‘నేమ్’ అంటారు. ఇంకు ముట్టకముందే లస్కరు కథకు అలాంటి చిత్తు పన్నెండు పేజీలు నాకు పంపు. షట్టరు ఎత్తే పేజీ మాత్రం అందులో ఉండకూడదు; అది మీ సినిమాలో ఉంది.

ఇట్లు,
నీ మావయ్య