మూట్ కోర్టు, లీగల్ ఎయిడ్, కబడ్డీ: సీవీలో ఏది ముందు?

ప్రశ్న: గుంటూరులో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చివరి ఏడాదిలో ఉన్నాను. రెండు మూట్ కోర్టు (కల్పిత కేసు మీద విద్యార్థులు వాదించే) పోటీలకు వెళ్లాను, బహుమతి రాలేదు. కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో (ఉచిత న్యాయసాయ కేంద్రం) ఏడాది పనిచేశాను. డిగ్రీలో యూనివర్సిటీ కబడ్డీ జట్టులో ఆడాను. ఆన్‌లైన్ వెబినార్ల సర్టిఫికెట్లు ఇరవై దాకా ఉన్నాయి. హైదరాబాద్‌లో లా ఫర్మ్‌లకు, సీనియర్ల చాంబర్లకు దరఖాస్తు పెట్టాలనుకుంటున్నాను. ఇవన్నీ రాయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: వెబినార్లు తీసేయండి. మిగతావి రాయండి, కానీ లీగల్ ఎయిడ్ క్లినిక్ అన్నిటికంటే పైన ఉండాలి. మీ దగ్గరున్న వాటిలో బరువైనది అదే.

చాంబర్‌లో జూనియర్‌ని తీసుకునేవారు చూసేది ఒకటే: క్లయింటు ఎదురుగా కూర్చుని సంగతులు రాబట్టగలదా, వాటిని కాగితం మీద పెట్టగలదా? ‘లీగల్ ఎయిడ్ క్లినిక్ సభ్యురాలు’ అని వదిలేస్తే ఆ సంగతి తెలియదు. ‘వారానికి ఒక పూట, మనోవర్తి కోసం వచ్చిన మహిళల వివరాలు నమోదు, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 144 కింద 6 అర్జీల ముసాయిదా’ అని రాస్తే తెలుస్తుంది (బీఎన్‌ఎస్‌ఎస్ అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత). ఆ 6 అనేది మీరు నిజంగా రాసినవి ఎన్నయితే అంత. ఇంటర్వ్యూలో వేలు పెట్టేది సరిగ్గా ఆ లైను మీదే. పెళ్లి ఎప్పుడైంది, ఎప్పటి నుంచి విడిగా ఉంటోంది, భర్త సంపాదనకు ఏ ఆధారం చూపించారు అని అడుగుతారు. చెక్ బౌన్స్ నోటీసు రాశానంటే గడువులు అడుగుతారు: బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోగా నోటీసు, అది అందాక చెల్లించడానికి 15 రోజులు, ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు. చేసినవారికి ఇవి నోటి మీద ఉంటాయి. స్నేహితురాలు చేసిన పని మీ పేరున రాస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

మూట్‌లో బహుమతి రాలేదని బాధపడకండి. బార్ కౌన్సిల్ పాఠ్యక్రమం ప్రకారమే ప్రతి విద్యార్థీ మూడు మూట్లు చేయాలి, ఒక్కోదానికి 10 మార్కులు. కాబట్టి ‘పాల్గొన్నాను’ అన్న మాట ఎవరినీ ఆపదు. సమస్య ఏమిటి, మీరు ఏ పక్షం, వాదించారా లేక పరిశోధన చేశారా అన్నది ఒక్క వాక్యంలో చెప్పండి. మెమోరియల్‌లో (మూట్ కోసం రాసిచ్చే వాదన పత్రం) మీరు సొంతంగా రాసిన రెండు మూడు పేజీలు నమూనాగా జతచేయండి. వెళ్లేముందు అవతలి పక్షం వాదన కూడా తయారు చేసుకోండి, చాలామంది తడబడేది అక్కడే. క్లినిక్‌లో రాసిన అర్జీని మాత్రం నమూనాగా పంపకండి. పంపక తప్పదంటే క్లినిక్ బాధ్యుల అనుమతి తీసుకుని, పేర్లు, ఊళ్లు, కేసు నంబర్లు పూర్తిగా కొట్టేసి పంపండి. క్లయింటు రహస్యం బయటపెట్టేవారిని ఏ ఆఫీసూ నమ్మదు.

ఇంటర్న్‌షిప్ వీటితో కలపకండి. మూడేళ్ల కోర్సుకు కనీసం 12 వారాలు తప్పనిసరి కాబట్టి దానికి వేరే శీర్షిక పెట్టండి.

కబడ్డీని చివర్లో ఒక్క లైనులో, ఏడాది, స్థాయితో రాయండి. ‘నాయకత్వ లక్షణాలు అలవడ్డాయి’ లాంటి మాటలు దాని పక్కన వద్దు. యూనివర్సిటీ జట్టులో చోటు తేలిగ్గా రాదని చూసేవారికి తెలుసు.

ప్రశ్న: జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు ఇవి పనికొస్తాయా?
– మరో పాఠకుడు, వరంగల్

జవాబు: వీటికి విడిగా మార్కులు లేవు. స్క్రీనింగ్, రాతపరీక్ష, వైవాలోనే తేలాలి. పైగా 2025 మే 20న సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీసును తప్పనిసరి చేసింది. దాన్ని ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా తాత్కాలిక నమోదు) తేదీ నుంచి లెక్కిస్తారు. దరఖాస్తు చేసేనాటికి నోటిఫికేషన్‌లో ఏముందో చూసుకోండి. డిగ్రీ చేతికి రాగానే ఎన్‌రోల్‌మెంట్ పని పెట్టుకోండి, సర్టిఫికెట్ల వేట తర్వాత.