ఎలుకలపై ఫ్యాటీ లివర్ పరిశోధన: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తి చేసింది, జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. చుంచెలుకలకు ఫ్యాటీ లివర్ తెప్పించి పరిశోధించే ప్రాజెక్టులో పీహెచ్‌డీ సీటు ఇస్తామంటున్నారు. వాళ్ల నాన్నకు రెండేళ్ల కిందట ఫ్యాటీ లివర్ ఉందని తేలింది, అందుకే తనకు దీని మీద పట్టుదల. మూగజీవాలను చంపే చదువు వద్దని మా అత్తగారు అంటున్నారు. ఐదేళ్లు పోయాక ఉద్యోగం దొరుకుతుందా? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ అత్తగారిది తీసిపారేయాల్సిన మాట కాదు. ఈ పరిశోధనలో జంతువులు చనిపోతాయి. లివర్‌లో కొవ్వు ఎంత చేరిందో, మచ్చలు ఎంతగా కట్టాయో కచ్చితంగా తెలియాలంటే లివర్‌ను పలుచని పొరలుగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూడాలి. నెలల తరబడి తాను మేత పెట్టి, బరువు తూచిన ఎలుక ప్రాణాన్ని మీ అమ్మాయే తీయాల్సి రావచ్చు. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి మంచి ర్యాంకుతో ఇలాంటి ల్యాబ్‌లో చేరాడు. ఆ పని తట్టుకోలేక, ఇంట్లో చెప్పలేక ఎనిమిది నెలలు టెన్షన్ పడి మానేశాడు. ఈ సంగతి ముందే అతనితో మాట్లాడనందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అలాగని అక్కడ ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు చేయడానికి లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ వీటిని పర్యవేక్షిస్తుంది. ప్రతి సంస్థలోనూ ఎథిక్స్ కమిటీ ఉంటుంది. ఎన్ని ఎలుకలు కావాలి, అన్ని ఎందుకు, వేరే దారి లేదా అని వాళ్లు అడుగుతారు. జవాబు నచ్చకపోతే అనుమతి రాదు.

అసలు ఎలుకలే ఎందుకంటే, మనిషిలో ఈ జబ్బు ముదరడానికి ఏళ్లు, దశాబ్దాలు పడుతుంది. ఎలుకలో కొన్ని నెలల్లో చూడవచ్చు. పైగా ఇది లివర్ ఒక్కదాని జబ్బు కాదు. ఒంట్లోని కొవ్వు, పేగులు, ఇన్సులిన్ అన్నీ కలిసి తెచ్చేది. గాజు పళ్లెంలో పెంచిన కణాల్లో ఆ కలయిక పూర్తిగా కనిపించదు.

కానీ ఏ మోడలూ, అంటే జబ్బు తెప్పించిన ఏ రకం ఎలుకా, అచ్చం మనిషిలా ఉండదు. మీ అమ్మాయి భవిష్యత్తంతా ఈ ఒక్క విషయాన్ని ఎంత బాగా అర్థం చేసుకుంటుందన్న దాని మీదే ఉందని నా నమ్మకం. 60 శాతం కేలరీలు కొవ్వు నుంచే వచ్చే మేత పెడితే చుంచెలుక లావెక్కుతుంది, షుగర్ పెరుగుతుంది, లివర్‌లో కొవ్వు చేరుతుంది. అచ్చం వాళ్ల నాన్న రిపోర్టులాగే ఉంటుంది. కానీ మచ్చలు కట్టే దశ అంత సులువుగా రాదు. మిథియోనిన్, కోలిన్ అనే పోషకాలు లేని మేత పెడితే కొన్ని వారాల్లోనే వాపు, మచ్చలు వస్తాయి. అయితే ఆ ఎలుక చిక్కిపోతుంది, మన రోగులేమో లావుగా ఉంటారు! ఇంకో రకానికి పుట్టుకతోనే కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ హార్మోన్ ఉండదు, అందుకే ఆపకుండా తింటుంది. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెంచే ఎలుకల్లో కూడా 1990లలో స్థూలకాయపు ఎలుకల వంశం ఒకటి బయటపడింది, పరిశోధకులు ఈనాటికీ దాన్ని వాడుతున్నారు. చివరికి గది చల్లదనం కూడా ఫలితాన్ని మార్చేస్తుంది.

ఎలుకల్లో ఆశ పుట్టించి, మనుషులపై చివరి దశ పరీక్షల్లో తేలిపోయిన మందులు ఉన్నాయి. సెలోన్‌సెర్టిబ్, ఎలాఫిబ్రనార్ అలాంటివే. ముదిరిన ఫ్యాటీ లివర్‌కు అమెరికాలో మొదటి మందు రెస్మెటిరోమ్‌కు అనుమతి దొరికింది 2024లోనే. చేయాల్సింది ఇంకా చాలా ఉంది కాబట్టే ఈ పని తెలిసినవారి అవసరం ఉంది. జీనోమ్ వ్యాలీ, బెంగళూరుల్లోని కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీలు, ఫార్మా ఆర్ అండ్ డీ విభాగాలు, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) అవకాశాలు ఉంటాయి. జేఆర్‌ఎఫ్ ఉంది కాబట్టి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000 రూపాయలు వస్తాయి. మీకు ఖర్చు భారం పెద్దగా ఉండదు. వెంటనే యూనివర్సిటీలో పర్మనెంట్ ఉద్యోగం వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

చేరేముందు గైడ్‌ను మీ అమ్మాయి సూటిగా అడగాలి. ఏ మోడల్ వాడుతున్నారు, అదే ఎందుకు? స్లైడ్లు చూసే పాథాలజిస్టు ఉన్నారా? రోగుల నమూనాలతో పోల్చి చూసే ఏర్పాటు ఉందా? ఆర్గనాయిడ్ల (కణాలతో ల్యాబ్‌లో పెంచే బుల్లి అవయవాల్లాంటి వాటి) పని కూడా నేర్పుతారా? జంతువులు లేకుండా మందులను పరీక్షించే పద్ధతులకు మన దేశ నిబంధనలు 2023లో దారి తెరిచాయి. ఆ రెండో విద్య చేతిలో ఉండటం చాలా అవసరం. "అందరూ ఇదే వాడుతున్నారు" అన్న జవాబు వస్తే ఆ ల్యాబ్ వద్దంటాను.

మీ వారు మాత్రం కూతురి థీసిస్ దాకా ఆగక్కర్లేదు. అధిక బరువు ఉంటే, డాక్టర్ సలహాతో 7 నుంచి 10 శాతం తగ్గినా లివర్ చాలావరకు తేరుకునే అవకాశం ఉంది.

సంతకం పెట్టే ముందు, ఎలుకల నుంచి లివర్ తీసే రోజున ఒక్క పూట అక్కడ ఉండనివ్వమని గైడ్‌ను అడగమనండి. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక ముందు నానమ్మతో కూర్చుని మాట్లాడనివ్వండి.